ఇంగ్లీషు నుడికారం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఇంగ్లీషు జాతీయాల పుట్టుపూర్వోత్తరాలను అడుగుతూ పాఠకులు పంపిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో సమాధానం ఇస్తున్నాను. ఒక్క మాట ముందే మనవి చేయాలి. జాతీయం వెనుక చెప్పే కథ ఎంత ముచ్చటగా ఉన్నా, ఆ మాట అచ్చులో మొదటిసారి ఏ సంవత్సరంలో, ఏ అర్థంతో కనిపించిందో చూసిన తరువాతే దానిని నమ్మడం నాకు అలవాటు. అందువల్ల ఈ సమాధానాల్లో సంవత్సరాలు కొంచెం ఎక్కువగానే కనిపిస్తాయి.

ప్రశ్న: ఎవరైనా చనిపోతే మా స్నేహితులు "బాల్చీ తన్నేశాడు" అంటారు. ఇది ఇంగ్లీషు "కిక్ ద బకెట్"కు అనువాదమేనా? చావుకూ బాల్చీకీ సంబంధం ఏమిటి?
— ఒక డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: అనువాదమే. ఇంగ్లీషు చదువులు వచ్చాక ఆ పలుకుబడిని మనవాళ్లు ఉన్నదున్నట్టు తెలుగులోకి దించుకున్నారు. బాల్చీ అన్న పదం కూడా బయటి నుంచి వచ్చినదే; పోర్చుగీసువారి "బాల్దె" హిందీలో బాల్టీ అయి, మన నోట బాల్చీగా స్థిరపడింది. ఒక్క పలుకుబడిలో ఇలా మూడు నాలుగు భాషలు కలిసి ఉండడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

ఇంగ్లీషులో ఈ మాట 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ ప్రచురించిన మోటుమాటల నిఘంటువులో "చనిపోవు" అన్న అర్థంతో నమోదైంది. గ్రోస్ సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసినవాడు. సిపాయిలు, నావికులు, దొంగలు, సంతల్లో బేరగాళ్లు మాట్లాడుకునే మాటలను పండితులు చీదరించుకుంటున్న కాలంలో ఆయన వాటిని ఓపికగా పోగుచేశాడు. ఆయన పేరు ఈ శీర్షికలో మరోసారి వస్తుంది.

ఉరివేసుకునే మనిషి బాల్చీని బోర్లించి, దాని మీద నిలబడి, మెడకు ఉచ్చు బిగించుకుని, కాలితో బాల్చీని తన్నేసేవాడని సాధారణంగా చెబుతారు. వినడానికి అతికినట్టే ఉంటుంది కానీ, గ్రోస్ నాటికే ఈ మాట ఏ చావుకైనా వాడేదే తప్ప ఆత్మహత్యకు ప్రత్యేకించినది కాదు. అంతకంటె నమ్మదగిన వివరణ పల్లెటూళ్లలో దొరుకుతుంది. ఇంగ్లండు మాండలికాల్లో, ముఖ్యంగా తూర్పున ఉన్న నార్ఫోక్ ప్రాంతంలో, బకెట్ అంటే దూలం, అడ్డకర్ర అన్న అర్థం కూడా ఉండేది. కోసిన పందిని వెనుక కాళ్లు కట్టి ఆ అడ్డకర్రకు తలకిందులుగా వేలాడదీసేవారు. ప్రాణం పోయే వేళ గిలగిలలాడే పంది కాళ్లు ఆ కర్రకే తగులుతాయి. షేక్‌స్పియర్ కూడా నాలుగవ హెన్రీ నాటకం రెండవ భాగంలో బకెట్ అన్న మాటను మోతకర్ర అనే అర్థంలో వాడాడు. కాబట్టి ఈ చావులో నీళ్ల బాల్చీకి పాత్ర లేదనే నా అభిప్రాయం. ఆ పాత అర్థం ఇంగ్లీషువారికే మరుగున పడిపోయిన తరువాత మనం దానిని అనువదించుకున్నాం.

వాడుక విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మన "టపా కట్టేశాడు", "గుటుక్కుమన్నాడు" ఎంత మోటుగా వినిపిస్తాయో ఇదీ అంతే మోటు. "కాలం చేశారు", "పరమపదించారు" అనవలసిన చోట ఇంగ్లీషువారు "పాస్డ్ అవే" అంటారు. ఈ తేడా తెలియక సంతాప లేఖలో "కిక్ ద బకెట్" అని రాసినవారిని నేను ఎరుగుదును. పాపం, వారికి జాతీయం తెలుసు, మర్యాద ఎవరూ చెప్పలేదు. మీ వయసువారు తరచూ అనే "బకెట్ లిస్ట్", అంటే పోయేలోగా చేయాలనుకున్న పనుల పట్టీ, 2007లో వచ్చిన ఒక హాలీవుడ్ చిత్రంతో జనం నోట పడింది.

ప్రశ్న: పూర్వం శవపేటికలకు గంట కట్టేవారని, పొరపాటున బతికుండగా పూడ్చిన మనిషి దానిని మోగిస్తే పైకి తీసేవారని, "సేవ్డ్ బై ద బెల్" అలా పుట్టిందని మా ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం తిరుగుతోంది. పూరిళ్ల కప్పుల మీద పడుకునే కుక్కలు, పిల్లులు వానకు జారి కింద పడేవి కనుక "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" వచ్చిందని కూడా అందులో ఉంది. పిల్లలకు చెప్పవచ్చునా?
— ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయురాలు, నంద్యాల

జవాబు: దయచేసి చెప్పకండి. 16వ శతాబ్దపు ఇంగ్లండు జీవితం అనే పేరుతో ఈ కథల మూట 1999లో ఈమెయిళ్లలో బయలుదేరింది. అది తప్పుల తడక అని భాషావేత్తలు అప్పుడే తేల్చినా, ఇప్పుడు వాట్సాప్‌లో మరో జన్మ ఎత్తింది.

గంట కట్టిన శవపేటికలు ఉన్న మాట నిజమే. 1868లో అమెరికాలోని నువార్క్ నగరవాసి ఫ్రాంజ్ వెస్టర్ అలాంటి పేటికకు పేటెంటు పొందాడు. పేటిక పైనుంచి నేల మీదికి ఒక గొట్టం, అందులో ఎక్కి రావడానికి నిచ్చెన, లోపలి మనిషి చేతికి అందేలా గంట తాడు ఉండేలా దానిని రూపొందించాడు. ఆ పేటిక ఉన్నంత మాత్రాన ఈ జాతీయం అక్కడ పుట్టినట్టు కాదు. "గంట వల్ల బతికిపోయాడు" అన్న మాట 19వ శతాబ్దం చివర బాక్సింగ్ వార్తల్లో కనిపిస్తుంది. 1867లో వెలువడిన క్వీన్స్‌బెరీ నియమాల ప్రకారం ఒక్కొక్క రౌండు మూడు నిమిషాలు, కిందపడిన బాక్సర్‌కు లేవడానికి పది సెకన్ల గడువు. ఎనిమిది, తొమ్మిది అని లెక్కపెడుతుండగా రౌండు ముగిసే గంట మోగితే, పడినవాడు ఓటమి తప్పించుకుని ఊపిరి పీల్చుకునేవాడు. బడిలో మీరు ఒక విద్యార్థిని ప్రశ్న అడిగి, వాడు నీళ్లు నములుతుండగా పిరియడ్ గంట మోగిన రోజున ఈ జాతీయం నేర్పండి. పిల్లలు జన్మలో మరచిపోరు.

ఇక కుక్కలు, పిల్లుల సంగతి. రెల్లుగడ్డి, తాటాకు కప్పిన ఇళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ అక్కడక్కడ ఉన్నాయి. వాన మొదలైతే కుక్క చూరు కిందికో అరుగు మీదికో చేరుతుంది కానీ కప్పు ఎక్కి తడుస్తూ కూర్చోదు. ఆ ఒక్క పరిశీలన చాలు, ఈ కథ నిలవదు. అచ్చులో చూస్తే, 1653లో ప్రచురితమైన రిచర్డ్ బ్రోమ్ నాటకంలో కుక్కలతోపాటు పిల్లి బదులు "పోల్‌క్యాట్" అనే ముంగిస జాతి వంటి జంతువు వానగా కురుస్తుంది. జోనథన్ స్విఫ్ట్ 1738లో ఉన్నత కుటుంబాల సంభాషణలను ఎత్తిచూపుతూ రాసిన గ్రంథంలో ఈ మాట నేటి రూపంలో ఉంది. అదే స్విఫ్ట్ 1710లో లండన్ జడివాన మీద రాసిన కవితలో, మురుగు కాలువల్లో కొట్టుకువచ్చే చచ్చిన కుక్కపిల్లలను, పిల్లులను వర్ణించాడు. వానకు కళేబరాలు వీధిలో తేలడం ఆనాటి నగరవాసులకు కొత్త కాదు కనుక, ఈ మాట జనంలో నాటుకుపోవడానికి ఆ దృశ్యం తోడ్పడి ఉంటుందని అనుకోవడంలో తప్పులేదు.

మరొక్క సంగతి. మన పిల్లలు వాన మీద వ్యాసం రాస్తే ఈ జాతీయం లేకుండా రాయరు. ఇంగ్లండులో ఇప్పుడు దీనిని చాలా అరుదుగా అంటారు, "ఇట్స్ పోరింగ్" అంటే సరిపోతుంది. మన "కుండపోత"లో కూడా ఈ పోయడమే ఉందని చెబితే పిల్లలకు అది సులువుగా పట్టుబడుతుంది.

ప్రశ్న: "బైట్ ద బుల్లెట్" 1857 తిరుగుబాటు నుంచి పుట్టిందని ఒక ఉపన్యాసంలో విన్నాను. సిపాయిలు కొవ్వు పూసిన తూటాలను నోటితో కొరకవలసి రావడమే దానికి మూలమన్నారు. నిజమేనా?
— చరిత్ర ఎం.ఏ. విద్యార్థి, వరంగల్

జవాబు: మన చరిత్రతో ముడిపడిన కథ కనుక నమ్మాలనిపిస్తుంది, కానీ నిజం కాదు. ఈ జాతీయంలో కొరికేది బుల్లెట్‌ను, అంటే గుండును. 1857లో మన సిపాయిలు కొరకడానికి నిరాకరించింది ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటా చుట్టూ ఉన్న కాగితాన్ని. మందుగుండు, సీసపు గుండు కలిపి చుట్టిన ఆ కాగితపు పొట్లానికి కొవ్వు పూసేవారు. దాని కొసను పళ్లతో చింపి, మందును తుపాకీ గొట్టంలో పోసి, గుండును లోపలికి దట్టించాలి. ఆ కొవ్వు ఆవుది, పందిది అన్న అనుమానమే నిప్పు రాజేసింది. మీరట్‌లో ఏప్రిల్ 24న 90 మంది ఆశ్వికుల్లో 85 మంది తూటాలను ముట్టబోమన్నారు; మే 10న తిరుగుబాటు బద్దలైంది. ఈ మొత్తం వ్యవహారంలో గుండును పంటికింద పెట్టుకున్నవారు ఎవరూ లేరు.

గుండును నిజంగా నమిలినవారు గ్రోస్ నిఘంటువులో కనిపిస్తారు. అరవై ఏళ్లు వెనక్కి వెళ్లి 1796 నాటి కూర్పు తెరిస్తే, "నైటింగేల్" అన్న మాట కింద ఒక వివరణ ఉంది. కొరడా దెబ్బలు తింటూ కేకలు పెట్టే సిపాయిని తోటివారు ఆ పాటపిట్ట పేరుతో ఎగతాళి చేసేవారట. కొన్ని దళాల్లో గ్రెనేడియర్లు అనే ఎంపిక చేసిన సిపాయిలు నోరు విప్పకుండా దెబ్బలు కాయడాన్ని పరువుగా భావించి, అరుపు బయటికి రాకుండా సీసపు గుండును నములుతూ నిలబడేవారట. సీసం మెత్తని లోహం కనుక పళ్లు విరగవు, పంటి గాట్లు మాత్రం పడతాయి. వంద దెబ్బలకు పైగా విధించే ఆ శిక్షల్లో వీపు చీలిపోతుండగా, చుట్టూ దళమంతా నిలబడి చూస్తుండగా, దవడల మధ్య ఆ గుండును బిగబట్టిన మనిషిని ఒక్కసారి తలచుకోండి. మన "పంటి బిగువున" అన్న మాటకు అంత దగ్గరి మాట ఇంగ్లీషులో మరొకటి నాకు తోచదు.

మత్తుమందు లేని రోజుల్లో శస్త్రచికిత్స చేసేటప్పుడు గుండును కొరికించేవారన్న కథ కూడా ప్రచారంలో ఉంది. బోస్టన్‌లో ఈథర్ మత్తుతో శస్త్రచికిత్సను బహిరంగంగా చేసి చూపింది 1846లో కనుక, అంతకుముందు ఎంత నరకమో ఊహించుకోవచ్చు. అయినా నోట్లో గుండు పెట్టుకున్న రోగి అరిచినప్పుడు అది గొంతులోకి జారితే ప్రాణానికే ముప్పు. ఆ పనికి తోలుపట్టీయో కర్రముక్కో మేలు. పాత యుద్ధభూముల్లో తవ్వితే దొరికిన పంటి గాట్ల గుండ్లలో కొన్నింటిని నమిలింది మనుషులు కారు, నేలను కుళ్లగించే పందులు.

అలంకారంగా ఈ మాటను 1891లో రడ్యార్డ్ కిప్లింగ్ తన నవలలో, చూపు కోల్పోతున్న స్నేహితుడికి ధైర్యం చెప్పే సందర్భంలో వాడాడు. నేటి అర్థం కొంత జరిగింది. బాధను ఓర్చుకోవడం కంటె, ఇష్టం లేకపోయినా తప్పని పనికి చివరకు పూనుకోవడం అన్నదే ఇప్పుడు ప్రధానం. ధర పెంచక తప్పదని ప్రభుత్వం నిర్ణయించుకున్నప్పుడు ఇంగ్లీషు పత్రికలు ఈ మాట రాయడం మీరు చూసే ఉంటారు.

ప్రశ్న: "ఒన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" అంటే ఒకే నెలలో రెండు పున్నములు రావడమని మా మనుమడు చెబుతున్నాడు. చందమామ నిజంగా నీలంగా కనిపించే రోజు ఉంటుందా? ఏ రెండున్నర ఏళ్లకో వస్తుందంటే మన అధికమాసానికి దీనికి సంబంధం ఉందా?
— విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాకు ఎక్కువ ఆనందం కలిగించిన ప్రశ్న ఇది, ఎందుకంటే మీ అనుమానం సరైనది.

ముందు మాట వయసు చూద్దాం. 1528లో మతగురువులను విమర్శిస్తూ ఇంగ్లీషులో వచ్చిన ఒక పద్యగ్రంథంలో, చంద్రుడు నీలంగా ఉన్నాడని వారు అంటే మనం నమ్మి తీరాలి అన్న ఎత్తిపొడుపు ఉంది. అంటే అప్పట్లో నీలి చందమామ అసంభవానికి గుర్తు, మన కుందేటి కొమ్ము, గగనకుసుమం లాగా. 1821 నాటికి లండన్ వాడుకలో అది "ఎంతో కాలం" అన్న అర్థానికి దిగింది. ఆ తరువాత "ఎప్పుడో ఒకసారి"గా మారింది. ఇక్కడిదాకా ఒక నెలలో రెండు పున్నముల ప్రసక్తి ఎక్కడా లేదు.

చంద్రుడు నీలంగా కనిపించడం మాత్రం అసంభవం కాదు. 1883 ఆగస్టులో ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు ఆకాశానికి ఎగసిన బూడిద వల్ల చాలా ప్రాంతాల్లో సూర్యచంద్రులు నీలంగా, ఆకుపచ్చగా కనిపించారు. 1950 సెప్టెంబరులో కెనడాలోని ఆల్బర్టా అడవులు తగులబడినప్పుడు ఆ పొగ సముద్రం దాటి వచ్చి, స్కాట్లండులో నీలి సూర్యుణ్ణి, నీలి చంద్రుణ్ణి చూపించింది. గాలిలో తేలే రేణువులు దాదాపు ఒకే పరిమాణంలో, అంటే ఎరుపు కాంతి తరంగం కంటె కొంచెం పెద్దవిగా ఉంటే, ఎరుపు చెదిరిపోయి నీలం మిగులుతుంది.

మీ మనుమడు చెప్పిన అర్థం పుట్టింది ఒక పొరపాటు వల్ల. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు రైతుల పంచాంగం ఒకటి ఉండేది. ఒక్కొక్క రుతువుకు మూడు పున్నములు లెక్కగట్టి, ఒక్కొక్కదానికి ఒక పేరు పెట్టి, ఏదైనా రుతువులో నాలుగు పున్నములు పడితే మూడవదానిని నీలి చందమామ అనేవారు. ఆ అదనపు పున్నమికి వేరే పేరు ఉంటేనే మిగతా పున్నముల పేర్లు, వాటితో ముడిపడిన పండుగలు తమ తమ స్థానాల్లో నిలుస్తాయి. 1946 మార్చిలో ఖగోళ మాసపత్రిక "స్కై అండ్ టెలిస్కోప్"లో జేమ్స్ హ్యూ ప్రూయెట్ అనే రచయిత దీనిని అపార్థం చేసుకుని, ఒకే నెలలో వచ్చే రెండవ పున్నమి అని రాశాడు. 1980లో ఒక రేడియో కార్యక్రమం ఆ అర్థాన్ని దేశమంతటా వ్యాపింపజేసింది. 1999లో ఆ పత్రికే తన పొరపాటును ఒప్పుకుని అచ్చువేసింది. అప్పటికి లోకం కొత్త అర్థానికే అలవాటు పడింది.

ఇప్పుడు అధికమాసం. చాంద్రమాసం సుమారు 29.53 రోజులు కనుక పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులు, సౌరసంవత్సరానికి 365. ఏటా మిగిలే ఆ పదకొండు రోజులు పోగుపడి 19 ఏళ్లలో ఏడు చాంద్రమాసాలు అదనంగా వస్తాయి. మన పంచాంగకర్తలు సూర్యసంక్రమణం, అంటే సూర్యుడు రాశి మారడం, లేని చాంద్రమాసాన్ని అధికమాసమని పక్కన పెట్టి, పండుగలు రుతువు తప్పకుండా చూస్తారు. మెయిన్ రైతుల పంచాంగం చేసినది కూడా సరిగ్గా అదే పని. ఇంగ్లీషు నెలల్లో అదనపు పున్నమి రెండవ పున్నమిగా తేలుతుంది, మన లెక్కలో అధికమాసంగా తేలుతుంది.

మీ ఇంట్లో పాత పంచాంగం ఉంటే 2023 తీసి చూడండి. ఆ ఏడు జులై 18 నుంచి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం. ఆగస్టు 1 రాత్రి నిండు చంద్రుడు అధిక శ్రావణ పున్నమి. అందుకే ఇంటింటా వరలక్ష్మీ వ్రతాన్ని నిజ శ్రావణం దాకా ఆగి, ఆగస్టు 25 శుక్రవారం చేసుకున్నారు. ఆ వారంలోనే, ఆగస్టు 30 రాత్రి, రాఖీ పున్నమి చంద్రుణ్ణి ప్రపంచమంతా "బ్లూ మూన్" అని ఫొటోలు తీసింది. మనం రాఖీ కట్టించుకుని డాబా మీద నిలబడి చూసిన చందమామే అది. 2026లో కూడా మే 1, మే 31 రెండూ పున్నములు. ఆ ఏడు అధిక జ్యేష్ఠం. రెండూ ప్రతిసారీ ఇలా కలిసి రావు, ఎందుకంటే ఇంగ్లీషు నెలల హద్దులు, సంక్రమణాలు వేరు వేరు రోజుల్లో పడతాయి. కారణం మాత్రం ఒక్కటే.

తెలుగులో దీనికి సాటి మాట కావాలంటే "అమావాస్యకో పున్నానికో" సరిపోదు. అది నెలకు రెండుసార్లు వచ్చే సందర్భం, అడపాదడపా అన్నంత మాత్రమే. "పుష్కరానికోసారి" అన్నది దగ్గరగా ఉంటుంది. గోదావరి ఒడ్డున ఉన్నవారికి ఆ పన్నెండేళ్ల నిరీక్షణ ఏమిటో నేను చెప్పనక్కరలేదు.

ప్రశ్న: మొసలి నిజంగా ఏడుస్తుందా? "మొసలి కన్నీరు" ఇంగ్లీషులోనూ ఎలా ఉంది?
— తొమ్మిదవ తరగతి విద్యార్థిని, కరీంనగర్

జవాబు: కన్నీరు వస్తుందమ్మా, దుఃఖం మాత్రం కాదు. మొసలి మనిషిని తింటూ ఏడుస్తుందన్న మాట 14వ శతాబ్దంలో యూరప్‌లో బాగా చదివిన మాండెవిల్ యాత్రాగ్రంథం వల్ల వ్యాపించింది. తరువాత షేక్‌స్పియర్ తన ఒథెల్లోలో వాడాడు. 2007లో అమెరికాలో మాల్కం షేనర్, కెంట్ వ్లీట్ అనే ఇద్దరు పరిశోధకులు మొసలి జాతికి చెందిన కెయ్‌మన్లు, ఆలిగేటర్లు ఏడింటికి నీటిలో కాక నేల మీద మేత పెట్టి గమనించారు. వాటిలో ఐదింటికి తింటున్నప్పుడు కళ్లు చెమర్చాయి, కొన్నింటికి నురగలు, బుడగలు కూడా వచ్చాయి. ముఖ పక్షవాతం వచ్చి తగ్గిన మనుషుల్లో కొందరికి అన్నం తినేటప్పుడు కన్నీరు కారుతుంది; వైద్యులు దానికి కూడా మొసలి కన్నీరు అనే పేరు పెట్టారు.

ప్రశ్న: నేను పౌరాణిక నాటకాల్లో వేషాలు వేస్తాను. పోయిన నెల ప్రదర్శనకు ముందు అమెరికాలో ఉన్న మా అమ్మాయి "బ్రేక్ ఎ లెగ్ నాన్నా" అని సందేశం పంపింది. కాలు విరగడమేమిటని రాత్రంతా మనసు పాడైంది. ఎందుకలా అంటారు?
— ఒక రంగస్థల నటుడు, గుంటూరు జిల్లా

జవాబు: మీ అమ్మాయి మీకు దిష్టి తీసింది. అలా అనుకుంటే మీ మనసు కుదుటపడుతుంది, అది సత్యం కూడా.

అబ్రహాం లింకన్‌ను 1865 ఏప్రిల్ 14న నాటకశాలలో కాల్చిన నటుడు జాన్ విల్క్స్ బూత్ వేదిక మీదికి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు కనుక ఈ మాట వచ్చిందని ఒక కథ ఉంది. ఆ తరువాత యాభై ఏళ్లకు పైగా నటుల నోట ఈ మాట ఎక్కడా నమోదు కాలేదు. పైగా దేశాధ్యక్షుణ్ణి చంపినవాడి గాయాన్ని తోటి నటుడికి దీవెనగా ఎవరు కోరతారు? 1921లో ఐరిష్ వ్యాసకర్త రాబర్ట్ లిండ్ మూఢనమ్మకాల మీద రాస్తూ, గుర్రప్పందేలవాళ్లు ఎదుటివాడికి శుభం పలకడం అరిష్టమని తలచి, "నీ కాలు విరగ" వంటి తిట్టు తిడతారని చెప్పాడు. జర్మనులకు కూడా మెడ, కాలు విరగాలని ఆశీర్వదించే వాడుక ఉంది. శుభం పైకి పలికితే దాన్ని చెడగొట్టే కన్ను ఒకటి వింటుందన్న భయమే వీటన్నింటికీ మూలం.

ఈ భయం మనకు కొత్త కాదు. చంటిబిడ్డ బుగ్గన కాటుక చుక్క పెట్టి అందాన్ని కావాలని చెరుపుతాం. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో బిడ్డను ఎంగిలి విస్తరాకుల్లో దొర్లించి పుల్లయ్య అని, పెంట మీద పడుకోబెట్టి పెంటయ్య అని పేరు పెట్టిన తల్లులు ఉన్నారు. మృత్యువు ఈ బిడ్డ మనకు పనికిరాదని వదిలిపోవాలని వారి ఆశ. మీరు రాయబార సన్నివేశంలో పద్యం ఎత్తుకుని రాగం సాగదీస్తే ముందు వరుసలో పెద్దాయన "నీ అసాధ్యం కూల!" అని తొడ చరిచి ఉంటాడు. అందులోనూ తిట్టే ఉంది, దానికి మీరు ఎప్పుడైనా నొచ్చుకున్నారా? అమ్మాయికి ఫోన్ చేసి మాట్లాడండి.

ప్రశ్న: "ద హోల్ నైన్ యార్డ్స్" మన తొమ్మిది గజాల చీర నుంచి వచ్చిందని ఇక్కడ తెలుగు సంఘం సభలో ఒకరు చెప్పారు. మావాళ్లందరికీ ఎంతో సంతోషం వేసింది. నిజమైతే బాగుండును.
— డాలస్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: నాకూ అలాగే అనిపిస్తుంది, కానీ కాదు. గోచీ పోసి కట్టే తొమ్మిది గజాల చీర మన పెద్దింటి ముత్తైదువలకు, తమిళుల మడిసార్‌కు, మరాఠీల నౌవారీకి చెందినది. ఉన్నదంతా, మొత్తం అని అర్థమిచ్చే ఈ జాతీయపు తొలి ఆనవాళ్లు మాత్రం అమెరికా లోపలి ప్రాంతాల చిన్న పత్రికల్లో ఉన్నాయి.

రెండవ ప్రపంచయుద్ధ విమానాల్లో తుపాకీ గుండ్ల పట్టీ 27 అడుగుల పొడవని, మొత్తం పేల్చేస్తే తొమ్మిది గజాలూ అయిపోయినట్టని చాలాకాలం నమ్మారు. ఉత్తర కెరొలైనాలో నాడీశాస్త్ర పరిశోధకురాలైన బోనీ టేలర్ బ్లేక్ తీరిక వేళల్లో పాత పత్రికలను ఏళ్ల తరబడి వెతికి, 1912 నాటి కెంటకీ పత్రికలో "హోల్ సిక్స్ యార్డ్స్"ను పట్టుకున్నారు. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్, అప్పటి అధ్యక్షుడు విలియం టాఫ్ట్ పోట్లాడుకుంటున్న ఆ రోజుల్లో, కాస్త ఆగితే వాళ్లే "మొత్తం ఆరు గజాలూ" చెప్పేస్తారని ఆ పత్రిక రాసింది. ఇండియానా రాష్ట్రంలో 1907, 1908లోనే తొమ్మిది గజాలు కూడా కనిపించాయి. ఆరు, తొమ్మిది పక్కపక్కనే వాడుకలో ఉన్నాయంటే అంకెకు ప్రత్యేకమైన కొలత ఏదీ లేదని, ఉన్నదంతా పూర్తిగా చెప్పడమే భావమని తేలుతుంది. వృత్తి వేరైనా ఒక్క మాట కోసం అన్ని రాత్రులు వెచ్చించిన ఆమె ఓపికకు నేను మనస్ఫూర్తిగా నమస్కరిస్తాను.

సభలో చెప్పడానికి మన మాట కావాలంటే "పదహారణాల తెలుగు" చెప్పండి. దీని వెనుక నిజమైన కొలత ఉంది. రూపాయికి పదహారు అణాలు; 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చి అణాలు పోయాయి. అణా చూడని తరం కూడా పదహారణాల తెలుగమ్మాయి అంటూనే ఉంది.

ప్రశ్న: "రెడ్ టేప్" అని ఎందుకంటారు? మా కార్యాలయంలో ఏ ఫైలుకూ ఎర్ర పట్టీ చూడలేదు.
— రెవెన్యూ ఉద్యోగి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఇంగ్లండులో 17వ శతాబ్దం నుంచి న్యాయ, ప్రభుత్వ పత్రాలను ఎర్రని నూలు పట్టీతో కట్టేవారు. ఆ ముడి విప్పితే కానీ పని మొదలయ్యేది కాదు. 19వ శతాబ్దంలో థామస్ కార్లైల్, చార్లెస్ డికెన్స్ వంటివారు దానిని దఫ్తరు జాప్యానికి గుర్తుగా వాడి ప్రచారంలోకి తెచ్చారు. అక్కడి న్యాయవాదులు కేసు కాగితాలకు నేటికీ వెలిసిన గులాబీ రంగు పట్టీ కడతారు. మీ ఫైళ్లకు కొసల్లో ఇనుప ముక్కలున్న ట్యాగు దారం, రికార్డు గదిలో దస్త్రానికి గుడ్డమూట ఉంటాయి కనుక మీకు ఎర్ర పట్టీ కనబడలేదు. మనం విరివిగా రాసే "రెడ్ టేపిజం" అన్న రూపం నేటి ఇంగ్లండులో వినిపించదు. అక్కడివారికి ఉత్తరం రాసేటప్పుడు "రెడ్ టేప్" అంటే చాలు.